హాగరుతో చెప్పిన మాట అందరికీ ఆజ్ఞేనా? ఒక సంఘ తీర్మానంపై కేస్ స్టడీ

బైబిలు కథలను సంఘ నిర్ణయాలకు ఆధారంగా తీసుకునేటప్పుడు ఎక్కడ జారిపోతామో ఈ కేసు బాగా చూపిస్తుంది. సంబంధిత సహోదరి అనుమతితోనే రాస్తున్నాను. ఆమె వయసు, వృత్తి, కుటుంబ వివరాలు, సంఘం ఏ శాఖకు చెందినదన్నది తీసేశాను. కొన్ని చిన్న విషయాలు మార్చాను. వాదనలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

నేపథ్యం

పాస్టరు, నలుగురు పెద్దలు ఉన్న సంఘం. ప్రసంగాలు ఎక్కువగా పాత నిబంధన కథల మీద ఉంటాయి. వాటిని కట్టే పద్ధతి ఒక్కటే: ఒక వ్యక్తిని తీసుకోవడం, అతడు ఏం చేశాడో చెప్పడం, మనమూ అలాగే చేయాలనడం. అబ్రాహాములా అడగకుండా బయలుదేరాలి, దానియేలులా శాకాహార ఉపవాసం చేయాలి, యెరికో చుట్టూ తిరిగినట్టు ఏడు రోజులు ప్రార్థించాలి, గిద్యోనులా ఉన్ని పరచి గుర్తు అడగాలి.

ఈ పద్ధతితో ఏళ్ల తరబడి ఎవరికీ పెద్ద నష్టం జరగలేదు. దానికి కారణం పద్ధతి కాదు, వినేవాళ్ల ఇంగితం. అబ్రాహాము తన భార్యను చెల్లెలని చెప్పుకున్నాడు కాబట్టి మనమూ చెప్పుకోవచ్చని ఎవరూ అనలేదు. యాకోబుకు ఇద్దరు భార్యలు, ఇద్దరు దాసీలు ఉన్నారని ఎవరూ దాన్ని అనుసరించలేదు. అంటే కథలను ఏరుకోవడం ఎప్పుడూ జరుగుతూనే ఉంది. ఏరుకునే సూత్రం ఏమిటో మాత్రం ఎవరూ పైకి చెప్పుకోలేదు. ముందే సరైనదనిపించిన పని కథలో కనిపిస్తే అది ఆజ్ఞ, కనిపించకపోతే అది ‘ఆ కాలం సంగతి’.

గిద్యోను సంగతే చూడండి. ఉన్ని పరచేనాటికి అతనికి దేవుని మాట స్పష్టంగా అందింది (న్యాయాధిపతులు 6:14-16). రెండోసారి అడిగేటప్పుడు ‘నీ కోపం నామీద మండనియ్యకు’ అని అతనే బతిమాలుకున్నాడు (6:39). తాను అడుగుతున్నది సబబు కాదని అడిగేవాడికే తెలుసు. అయినా ఆ భాగం ప్రసంగాల్లోకి రాదు.

వచ్చిన సమస్య

సంఘంలోని ఒక సహోదరి భర్త కొట్టిన గాయాలతో ఇల్లు విడిచి బంధువుల ఇంట్లో ఉంది. కొట్టడం అది మొదటిసారి కాదు. భర్త కూడా అదే సంఘ సభ్యుడు. ఆమెను తిరిగి పంపించమని అతడు పెద్దలను అడిగాడు.

పెద్దలు ప్రార్థన చేసి కూర్చున్నారు. అందరికంటే పెద్దాయన ఆదికాండము 16వ అధ్యాయం తీశాడు. ఆయన వాదన సూటిగా ఉంది: అబ్రాము (తర్వాత అబ్రాహాము) భార్య శారయి (తర్వాత శారా) దాసి హాగరు, శారయి పెట్టిన శ్రమ భరించలేక పారిపోయింది, యెహోవా దూత ఆమెను వెతికి పట్టుకుని ‘నీ యజమానురాలి యొద్దకు తిరిగి వెళ్లి ఆమె చేతిక్రింద అణిగియుండుము’ అన్నాడు, తిరిగి వెళ్లింది కాబట్టి ఆశీర్వాదం పొందింది. దేవుడు దాసినే తిరిగి పంపితే, నిబంధన చేసుకున్న భార్యను పంపకుండా ఉంటాడా? మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాశారు. రెండు వారాల్లో ఆమె తిరిగి వెళ్లాలి, లోబడాలి. భర్తకు పాస్టరు బుద్ధి చెబుతాడు. ఆమె వెళ్లకపోతే ప్రభు బల్లకు, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకు, దూరంగా ఉంచుతారు.

సంతకం పెట్టిన తర్వాత పాస్టరుకు నిద్ర పట్టలేదు. ‘వాక్యం అలాగే ఉంది కదా, మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు’ అంటూ బయటివాళ్లమైన మా సహాయం కోరాడు. ఇలాంటి కేసుల్లో తరచూ వినిపించే మాట ఇది. వాక్యం ఒకవైపు, మనస్సాక్షి ఒకవైపు లాగుతున్నట్టు అనిపిస్తే వాక్యాన్ని ఇంకోసారి చదవాల్సిన సమయం వచ్చిందని అర్థం.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఈ పెద్దలు క్రూరులు కారు. వాక్యానికి లోబడుతున్నామనే నమ్మారు. అలా నమ్మేవాళ్లతో మాట్లాడవలసింది వాళ్ల గుణం గురించి కాదు, చదివే తీరు గురించి.

మొదట చేసినది: గడువు ఆపించడం

వ్యాఖ్యానం మీద చర్చ మొదలుపెట్టకముందే రెండు వారాల గడువును వాయిదా వేయించాం. పెద్దలను ‘మీ వ్యాఖ్యానం తప్పని ఒప్పుకోండి’ అని అడగలేదు. ‘ఇంకోసారి చదివేదాకా అమలు ఆపండి’ అని మాత్రమే అడిగాం. మొదటిది అడిగితే పరువు అడ్డం వస్తుంది. రెండోదానికి ఎవరూ కాదనరు. వెనకున్న లెక్క కూడా వాళ్లకే చెప్పాం: తీర్మానం సరైనదే అయితే ఆలస్యం వల్ల పోయేది కొద్దిరోజులు, తప్పయితే తొందరవల్ల పోయేది తిరిగిరాకపోవచ్చు.

దాంతోపాటు కొన్ని కట్టుబాట్లు పెట్టాం. ఆమె ఉన్న చోటు భర్తకు చెప్పకూడదు. అతని కబుర్లు పెద్దల ద్వారా ఆమెకు చేరకూడదు. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేయకూడదు, ఎందుకంటే కొట్టినవాడి ఎదుట ఆమె నిజం చెప్పదు, చెబితే ఆ రాత్రి దానికి మూల్యం చెల్లించాలి. గాయాలను డాక్టరు చేత పరీక్ష చేయించి రికార్డు తీసుకోవడం, చట్టపరమైన సలహా తీసుకోవడం ఆమె ఇష్టానికి వదిలి, కావాలంటే తోడుగా వెళ్లడానికి ఆమెకు నమ్మకమున్న ఒక సహోదరిని ఏర్పాటు చేశాం.

ప్రశ్నను కుదించడం ఇంకో నిర్ణయం. విడాకుల మీద ఈ సంఘానికి గట్టి అభిప్రాయాలున్నాయి. ఆ చర్చ తెరిస్తే నెలలు పడుతుంది. అందుకని బల్ల మీద ఒకే ప్రశ్న పెట్టాం: ఇప్పుడు, ఈ పరిస్థితిలో, ఈమెను తిరిగి వెళ్లమని ఆజ్ఞాపించే అధికారం ఆదికాండము 16 మనకు ఇస్తోందా? 1 కొరింథీయులు 7:10-11లో పౌలు కూడా భార్య ఎడబాయకూడదని చెబుతూనే, ‘ఎడబాసినట్లయితే’ పెళ్లి చేసుకోకుండా ఉండాలి లేదా సమాధానపడాలి అంటాడు. విడిగా ఉండే స్థితి ఒకటి ఉంటుందని లేఖనమే లెక్కలోకి తీసుకుంది. విడాకులను ఒప్పుకోని పెద్దలు కూడా ఇక్కడిదాకా రాగలిగారు.

పనిచేయనివి

మొదట వాక్యానికి వాక్యం పెట్టి చూశాం. భర్తలు క్రీస్తు సంఘాన్ని ప్రేమించినట్టు ప్రేమించాలి (ఎఫెసీయులకు 5:25), భార్యల పట్ల నిష్ఠూరంగా ఉండకూడదు (కొలొస్సయులకు 3:19), హింసను ప్రేమించేవాడు యెహోవాకు అసహ్యుడు (కీర్తన 11:5). వెంటనే అటువైపు నుంచి దాసులు యజమానులకు, భార్యలు భర్తలకు లోబడాలని, శారా అలాగే లోబడిందని చెప్పే 1 పేతురు 2:18, 3:1, 3:6 వచ్చాయి. ఒక్కొక్కరి చేతిలో రిఫరెన్సుల సంఖ్య పెరిగింది తప్ప ఎవరూ కదల్లేదు. రెండు పక్షాలూ చేస్తున్నది ఒకటే కావడం దీనికి కారణం: సందర్భం నుంచి ఒక వాక్యం తుంచి ఎదుటివారి మీద వేయడం.

తర్వాత వేదాంత కళాశాలల్లో నేర్పే ఒక మాట పెట్టాం: ‘ఇది జరిగినదాని వర్ణన, చేయమన్న ఆజ్ఞ కాదు.’ దీనికి పెద్దాయన ఇచ్చిన జవాబు మెచ్చుకోదగ్గది. ‘పూర్వం రాసినవన్నీ మన బోధకోసమేనని రోమా 15:4 చెబుతోంది. 1 కొరింథీయులు 10:11 అరణ్యంలో జరిగినవి మనకు దృష్టాంతాలంటుంది. యాజకులు మాత్రమే తినదగిన సముఖపు రొట్టెలను దావీదు తిన్న కథను యేసు ప్రభువే వాదనకు వాడుకున్నాడు (మార్కు 2:25-26). కార్యములు 13:3 చూసే మనం చేతులుంచి పంపుతున్నాం. వర్ణన అయితే వదిలేయొచ్చా?’ ఆయన అన్నది నిజమే. వర్ణన, ఆజ్ఞ అన్న విభజన ప్రారంభానికి ఉపయోగపడుతుంది, తీర్పు చెప్పడానికి సరిపోదు. కథలు బోధిస్తాయి. ఎలా బోధిస్తాయన్నదే అసలు ప్రశ్న. ఈ మాటను జవాబుగా వాడితే వినేవాళ్లకు ‘నచ్చని కథను పక్కన పెడుతున్నారు’ అని మాత్రమే వినిపిస్తుంది.

మూడోది చారిత్రక నేపథ్యం. గొడ్రాలైన భార్య తన దాసిని భర్తకు ఇవ్వడం ఆనాటి పశ్చిమాసియాలో ఉన్న ఆచారమే. సుమారు క్రీ.పూ. 1750 నాటి హమ్మురాబి శాసనంలో 146వ నిబంధన, పిల్లలను కని యజమానురాలితో సమానమనుకునే దాసి గురించి మాట్లాడుతుంది: ఆమెను అమ్మకూడదు, తిరిగి దాసుల లెక్కలో చేర్చవచ్చు. ఇది కథను అర్థం చేసుకోవడానికి నిజంగా సహాయపడుతుంది. ఈ గదిలో మాత్రం ఎదురుతిరిగింది. ‘చూశారా, హాగరు యజమానురాలిని నీచంగా చూసింది (16:4), అందుకే ఆ శిక్ష. ఈ సహోదరి కూడా నోరు జారి ఉండొచ్చు’ అన్నాడొకాయన. నేపథ్య సమాచారం దానంతటదే ఎవరి పక్షమూ వహించదు. కథ ఏం చేస్తోందో చూడని చేతుల్లో అది ఉన్న అభిప్రాయానికే బలమిస్తుంది.

మలుపు: అధ్యాయాన్ని మొదటినుంచి చదవడం

ఆ తర్వాత వాదన ఆపి, కలిసి చదవడం పెట్టుకున్నాం. ఆదికాండము 16ను వచన సంఖ్యలు, ఉపశీర్షికలు తీసేసి, వరుసల మధ్య ఖాళీ ఉంచి ప్రింటు తీశాం. ప్రతి ఒక్కరికీ ఒక కాపీ, ఒక పెన్సిలు. పక్కన మూడు గడులు: ఎవరు మాట్లాడారు లేదా చేశారు, ఎవరితో, దాని గురించి కథకుడు గాని దేవుడు గాని ఏమన్నారు. మొదటి అరగంట ‘మనకు ఏమిటి’ అన్న మాట ఎవరూ ఎత్తకూడదన్నది నియమం. కష్టమైన నియమం ఇదే. ప్రసంగాలు వినీ వినీ అన్వయం ముందు వచ్చి నిలబడుతుంది.

గడులు నింపుతుంటే కొన్ని విషయాలు వాటంతట అవే బయటపడ్డాయి. మొదటి ఆరు వచనాల్లో హాగరు ఒక్క మాట కూడా మాట్లాడదు. శారయి ఆమెను ‘నా దాసి’ అంటుంది, అబ్రాము ‘నీ దాసి’ అంటాడు, ఇద్దరిలో ఎవరూ పేరు పలకరు. ఆమెను పేరుపెట్టి పిలిచిన మొదటి స్వరం ఎనిమిదో వచనంలోని దూతది. దూత కూడా ‘శారయి దాసివైన హాగరూ’ అనే పిలిచాడన్నది ఒక పెద్ద గుర్తుచేశాడు. అదీ నిజమే, గడిలో రాసుకున్నాం. మనకు అనుకూలంగా లేనివాటిని రాయకపోతే ఈ పద్ధతికి విలువ లేదు.

మూడో గడి మొదటి ఆరు వచనాలకు దాదాపు ఖాళీగా మిగిలింది. శారయి దేవుని పేరు ఎత్తుతుంది గాని దేవుడు ఏమీ అనడు. కథకుడు తీర్పు నేరుగా చెప్పడు, ఇంకో విధంగా చెబుతాడు. శారయి దాసిని తీసుకుని తన భర్తకు ఇచ్చింది, అతడు భార్య మాట విన్నాడు. ఏదెను తోటలో జరిగిన క్రమం ఇదే: హవ్వ పండు తీసుకుంది, భర్తకు ఇచ్చింది, అతడు భార్య మాట విన్నాడు (ఆదికాండము 3:6, 17). మొదటి పతనపు అడుగుల్లో ఈ ఇల్లు నడుస్తోందని రచయిత కథ నడిపిన తీరుతోనే చూపించాడు. బైబిలు కథకులు చాలాచోట్ల ఇంతే. తప్పు అని రాయరు, తప్పు ఎలా ఉంటుందో ఇంతకుముందే చూపించి ఉంటారు.

ఇక తొమ్మిదో వచనం. చెప్పినవాడు యెహోవా దూత. విన్నది షూరు మార్గంలో, అంటే తన సొంత దేశమైన ఐగుప్తు వైపు, ఒంటరిగా నడుస్తున్న గర్భిణి. ఆ ఆజ్ఞ అక్కడ ఆగలేదు. పదో వచనంలో లెక్కపెట్టలేనంత సంతానం, పదకొండులో ఇష్మాయేలు అనే పేరు, యెహోవా నీ మొర విన్నాడన్న కారణం, పన్నెండులో ఆ కుమారుడి భవిష్యత్తు వచ్చాయి. అంతా ఒకే సంభాషణ. అప్పుడు పెద్దలను అడిగిన ప్రశ్న ఇది: తొమ్మిదో వచనం ఇంటినుంచి పారిపోయిన ప్రతి స్త్రీకీ వర్తిస్తే, పది నుంచి పన్నెండు వచనాలు కూడా వర్తిస్తాయా? ఈ సహోదరికి అలాంటి వాగ్దానం ఇవ్వగలరా? ఇవ్వలేమన్నారు. ఆజ్ఞను అందరికీ పంచి వాగ్దానాన్ని హాగరుకే ఉంచితే, కథను రెండుగా కోసి మనకు కావలసిన ముక్క తీసుకున్నట్టే. ఆ మాట చెప్పింది బయటినుంచి వచ్చినవాళ్లు కాదు, పెద్దల్లో అందరికంటే తక్కువ మాట్లాడేవాడు.

తర్వాతి ప్రశ్న మరింత లోతుగా తగిలింది. ఈ కథలో మన స్థానం ఎక్కడ? పెద్దలు తెలియకుండానే దూత స్థానంలో కూర్చున్నారు. దూతకు ఆమె భవిష్యత్తు తెలుసు, కాపాడే శక్తి ఉన్నవాడు పంపితే వచ్చాడు. పెద్దలకు ఆ రెండూ లేవు. ఇంట్లో ఒకరిమీద హింస జరుగుతుంటే ఆపగల స్థానంలో ఉండి, ‘నీ దాసి నీ చేతిలోనే ఉంది, నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి’ అని చేతులు దులుపుకున్నవాడు కథలో ఒకడున్నాడు: అబ్రాము (16:6). బాధ్యతగల పెద్దమనిషి స్థానం కథలో అదొక్కటే. తీర్మానం రాసినరోజు తాము ఎవరికి దగ్గరగా ఉన్నామో ఆ గదిలో వేరే ఎవరూ చెప్పవలసిన పని లేకపోయింది.

హాగరు కథ 21వ అధ్యాయంలో ముగుస్తుంది కాబట్టి అక్కడిదాకా చదవాలి. అబ్రాముకు 86 ఏళ్లప్పుడు హాగరుకు ఇష్మాయేలు, 100 ఏళ్లప్పుడు శారాకు ఇస్సాకు పుట్టారు. ఈసారి హాగరును శారానే పంపేయమంటుంది. రొట్టె, నీళ్ల తిత్తి తీసుకుని హాగరు బెయేర్షెబా అరణ్యంలో తిరుగుతుంది. నీళ్లు అయిపోయాయి. దేవుడు చిన్నవాడి మొర విన్నాడు, నీళ్ల ఊట చూపించాడు, ‘తిరిగి వెళ్లు’ అనలేదు. ఆ పిల్లవాడికి తోడై ఉన్నాడు (21:20). 16:9 నిలిచి ఉండే నియమమైతే, అదే స్త్రీ జీవితంలోనే, అదే దేవుడు దాన్ని పాటించలేదు. అలాగని 21వ అధ్యాయాన్ని ఇంకో నియమం చేయలేం. ‘అబ్రాహాము పంపేశాడు కాబట్టి మనమూ పంపేయొచ్చు’ అనేవాళ్లు రేపే బయలుదేరతారు.

‘ఎప్పుడూ’ అనే మాటను కథ ఏం చేయగలదు

ఇక్కడ కేసుకు కీలకమైన తర్కం దొరికింది. తరచి అడిగితే పెద్దల వాదన అడుగున ఉన్నది హాగరు కాదు. ‘క్షమించిన విశ్వాసి తిరిగి వెళ్తుంది, వెళ్లకపోతే క్షమించలేదన్నమాట’ అన్న నమ్మకం. దానికి హాగరు ఒక ఉదాహరణ మాత్రమే. ఉదాహరణను కొట్టేసినా అడుగున ఉన్న నమ్మకం ఇంకో కథను తెచ్చుకుంటుంది.

ఒక కథ ‘ఎప్పుడూ ఇలాగే చేయాలి’ అని నిరూపించలేదు, ఎందుకంటే అది ఒక్కసారి ఒక్కరికి జరిగింది. ‘భక్తుడు ఎప్పుడూ ఇలాగే చేస్తాడు’ అన్న వాదనను మాత్రం ఒకే ఒక్క కథ కూల్చగలదు, దేవుడు మెచ్చిన మనిషి అలా చేయని ఒక్క సందర్భం చూపిస్తే చాలు. కథకు కట్టే బలం తక్కువ, కూల్చే బలం ఎక్కువ. ఈ తేడా తెలిస్తే కథల మీద నడిచే వివాదాలు చాలావరకు సగానికి తగ్గుతాయి.

అందుకు దావీదు కథ తీశాం. రాజైన సౌలు దావీదు మీద ఈటె విసిరాడు, దావీదు తప్పించుకున్నాడు (1 సమూయేలు 19:10). దావీదు భార్య మీకాలు అతన్ని కిటికీగుండా దించింది. చంపే అవకాశం రెండుసార్లు చేతికొచ్చినా ‘యెహోవా అభిషిక్తుడు’ అని వదిలేశాడు. దావీదుకు క్షమ లేదని ఎవరూ అనలేరు. సౌలు ఏడ్చి తప్పు ఒప్పుకున్నాక ఏం జరిగిందో చూడండి: సౌలు ఇంటికి, దావీదు కొండ స్థలాలకు (24:22). రెండోసారి సౌలు నేరుగా అడిగాడు, ‘దావీదూ నా కుమారుడా, తిరిగి రా, ఇక నీకు కీడు చేయను’ (26:21). దావీదు తాను ఎత్తుకొచ్చిన సౌలు ఈటెను తిరిగి ఇచ్చాడు. మనిషి మాత్రం తిరిగి వెళ్లలేదు. తన దారిన తాను పోయాడు (26:25). గౌరవం ఉంది, పగ లేదు, తిరిగి వెళ్లడం లేదు. మూడూ ఒకే మనిషిలో ఉండగలవని తేలిపోయాక, ‘క్షమిస్తే వెళ్లాలి’ అన్న సూత్రం నిలబడలేదు.

పక్కనే న్యాయాధిపతులు 19 పెట్టాం. భర్తను విడిచి తండ్రింటికి వెళ్లిన స్త్రీని లేవీయుడు మంచి మాటలాడి తీసుకురావడానికి వెళ్లాడు, తీసుకొచ్చాడు. ఆ ప్రయాణం ఎలా ముగిసిందో చదివినవాళ్లకు తెలుసు. ‘తిరిగి వెళ్లింది, ఆశీర్వాదం పొందింది’ అన్నది హాగరులో కనిపిస్తే, ‘తిరిగి వెళ్లింది, చచ్చిపోయింది’ అన్నది ఇక్కడుంది. ఏ కథను సూత్రం చేస్తాం?

తిరిగి వచ్చిన అభ్యంతరాలు

ఫిలేమోను దగ్గర దాసుడైన ఒనేసిమును పౌలు తిరిగి పంపాడు కదా అన్నారు (ఫిలేమోను పత్రిక). పంపాడు, చేతిలో ఉత్తరం పెట్టి. ఇకమీదట దాసుడిగా కాదు, ప్రియ సహోదరుడిగా చేర్చుకో (16), నన్ను చేర్చుకున్నట్టు చేర్చుకో (17), నష్టమేదైనా ఉంటే నా లెక్కలో వేయి (18). తిరిగి పంపేవాడు తన పేరు, తన డబ్బు, తన పరువు పణంగా పెట్టాడు. తీర్మానంలో పెద్దలు ఏం పణంగా పెట్టారో వెతికితే ఏమీ దొరకలేదు.

గలతీయులకు 4లో ‘దాసిని వెళ్లగొట్టుము’ అన్నది ఒకాయన ఎత్తాడు గాని, పౌలు తానే అక్కడ అలంకార రూపంగా చెబుతున్నానంటాడు (4:24). దాని మీద ఎక్కువసేపు పట్టలేదు.

నిజంగా బరువైనది 1 పేతురు. ఇది కథ కాదు, నేరుగా ఉపదేశం, పైగా శారాను మాదిరిగా చూపిస్తుంది. దీన్ని తేలిగ్గా దాటవేస్తే మొత్తం పని చెడేది. వచనాలు నెమ్మదిగా చూశాం. పేతురు మాట్లాడుతున్నది తప్పించుకునే దారి లేని దాసులతో, అవిశ్వాసులైన భర్తలున్న భార్యలతో. మేలు చేసి బాధపడితే అది దేవునికి ఇష్టమంటాడు. ఆ శ్రమను వాళ్లమీదికి పంపించమని సంఘ పెద్దలకు చెప్పే వాక్యం ఆ పత్రికలో ఎక్కడా లేదు. ఐదో అధ్యాయంలో పెద్దలకు చెప్పినది మందను కాయమని, వారిమీద ప్రభువులు కావద్దని. మూడో అధ్యాయం ఏడో వచనంలో భర్తలకు చెప్పినది భార్యను సన్మానించమని, లేకపోతే ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందని. ఇక ఈ పత్రిక రాసిన పేతురు కథకు వస్తే, నలుగురేసి ఉన్న నాలుగు జట్ల సైనికుల కాపలా నుంచి దూత విడిపించాక అతడు తిరిగి చెరసాలకు వెళ్లలేదు, వేరొక చోటికి వెళ్లిపోయాడు (కార్యములు 12:17). శ్రమను ఓర్చుకోమన్నవాడికి, తప్పించుకోవడం అవిశ్వాసంగా తోచలేదు.

చట్టం సహాయం కోరడం మీద కూడా అడిగారు. పౌలును చంపుతామని నలభైమందికి పైగా ఒట్టు పెట్టుకున్నప్పుడు ఆ సంగతి రోమా సైన్యాధికారి అయిన సహస్రాధిపతికి చేరింది. 200 మంది సైనికులు, 70 మంది రౌతులు, 200 మంది ఈటెలవారు రాత్రికి రాత్రి పౌలును తరలించారు (కార్యములు 23:23). కబురు పంపించింది పౌలే. ఇదీ ఒక కథే కాబట్టి ప్రతివారూ అధికారుల దగ్గరికి వెళ్లాలని ఇది ఆజ్ఞాపించదు. వెళ్లడం పాపమన్న మాటను మాత్రం కూలుస్తుంది.

ఒక పెద్ద 1 పేతురు 3 మీద చివరిదాకా ఒప్పుకోలేదు. ఒప్పించాలని పట్టుబట్టలేదు. లోబడడం గురించి ఆయన అర్థం సరైనదే అనుకున్నా, కొట్టే ఇంటికి వెళ్లమని సంఘం ఆజ్ఞాపించడానికి అది ఆధారం కాదన్నంతవరకు ఆయనా సంతకం చేశాడు. తీర్మానానికి కావలసింది అంతే.

ఫలితం

పాత తీర్మానాన్ని కొట్టేసి వదలకుండా, కారణం రాసి రద్దు చేశారు. కొత్త దానిలో మూడు అంశాలున్నాయి: ఆమె తిరిగి వెళ్లాలన్న షరతు లేదు, ప్రభు బల్ల ఆమెకు తెరిచే ఉంటుంది, భర్తను బల్లకు దూరంగా ఉంచి, ఆమెను కలిసే ప్రయత్నం చేయవద్దని రాతపూర్వకంగా చెప్పారు, అతనికి సహాయం వేరే మనిషి ద్వారా, వేరేగా జరుగుతుంది. ఆమెకు ఈ సంగతి పెద్దలు గుంపుగా వెళ్లి చెప్పలేదు. నమ్మకమున్న సహోదరి చేత ఉత్తరం పంపారు, అందులో క్షమాపణ ఉంది, ‘మీరూ క్షమించాలి’ అన్న మాట లేదు. ఆ రెండో వాక్యం డ్రాఫ్టులో ఉంది, తీయించాం. అడిగేవాడు తప్పు చేసినవాడైనప్పుడు ఆ మాట మళ్లీ ఒక భారం అవుతుంది.

ఆ దాంపత్యం తర్వాత ఏమైందన్నది ఈ కేసు పరిధిలోకి రాదు.

ఇతరులు వాడుకోదగినవి

ఇలా కలిసి చదవడానికి ఒక అధ్యాయానికి కనీసం గంటన్నర కావాలి. ఐదారుగురికి మించితే మాట్లాడనివాళ్లు మౌనంగానే ఉండిపోతారు. ఈ కేసులో కీలకమైన మాట అలాంటివారినుంచే వచ్చింది. వ్యాఖ్యాన గ్రంథాలు మొదటి చదువు అయ్యాకే తెరవాలి.

సూత్రాన్ని అదే కథలోని మిగతా భాగాలకు పెట్టి చూడడం అన్నిటికంటే త్వరగా పనిచేసే పరీక్ష. ‘కథలో దేవుడు చెప్పాడు కాబట్టి మనకూ’ అన్నప్పుడు, దానికి ముందు వెనక ఉన్న ఐదు వచనాలకూ అదే పెట్టండి. నిలవకపోతే సూత్రం కథలోనుంచి రాలేదు. కథ ఎక్కడ ముగుస్తుందో అక్కడిదాకా చదవాలి, అధ్యాయం ముగిసేచోట కాదు. కథలో కనిపించినది నేరుగా ఉపదేశించిన చోట్ల కూడా కనిపిస్తుందా అని చూడాలి. కనిపిస్తే కథ దానికి రక్తమాంసాలిస్తుంది, కనిపించకపోతే కథ ఒంటరిగా ఆ బరువు మోయలేదు.

నా ఉద్దేశంలో అందరూ మరిచిపోయే పరీక్ష ఇంకొకటుంది: ఈ అన్వయానికి మూల్యం ఎవరు చెల్లిస్తారు? చదివినవాడికి ఏ ఖర్చూ లేకుండా ఆ గదిలో లేని మనిషి మీద బరువంతా పడుతుంటే, అన్వయం తప్పని అది నిరూపించదు. ఇంకోసారి చదవడానికి మాత్రం చాలినంత కారణం.

కొన్నాళ్లకు ఆ సంఘంలోనే ఇంకో సంగతి జరిగింది. ఇది రాయకపోతే కేసు సగమే అవుతుంది. హింస ఏమీ లేని ఒక చిన్న తగాదాలో సమాధానపడాలనుకుంటున్న ఇద్దరు సహోదరులకు ఒక యువ నాయకుడు 1 సమూయేలు 26 చూపించి, ‘దావీదు వెళ్లలేదు, నువ్వూ వెళ్లకు’ అన్నాడు. కూల్చడానికి వాడిన కథను అతడు కట్టడానికి వాడాడు. పాస్టరు అతనికి ప్రింటు తీసిన అధ్యాయం, పెన్సిలు ఇచ్చి మూడు గడులు గీయమన్నాడు. మొదటి గడిలో దావీదును వెంటాడినవాడి పేరు రాయాల్సి వచ్చినప్పుడు, ఈ తగాదాలో ఆ చోట ఎవరి పేరు రాయాలో అతనికి తోచలేదు.